తొమ్మిది డాలర్ల కుడితి

"దీన్ని మొదట కాచినవాళ్ళెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు."

సీసా మీది కాగితంలో ఆ వాక్యం చదివి లొవీనా కళ్ళజోడు తీసింది. గౌను అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివింది. వాక్యం మారలేదు. దాని పైన ముచ్చటైన బొమ్మ ఒకటి. కొండల మధ్య పాడుబడిన ఇల్లు, కూలిన పొగగొట్టం. ఆ ఇంటి అటక మీద ఈ రుచి దొరికిందట. మరుగున పడిన రూట్ బీరును మిల్లు యజమాని బ్రైస్ టోలండ్ మళ్ళీ బతికించాడట.

"ఎవరికీ గుర్తులేదట! నేను చచ్చిపోయానా మిర్టిల్? చచ్చిపోతే చెప్పు, వెళ్ళి పడుకుంటాను" అంది లొవీనా.

మిర్టిల్ పక్కింటావిడ. కోడలు పట్నంలో కొని పంపిన సీసాను చూపిద్దామని సరదాగా తెచ్చింది. తెచ్చాక, ఎందుకు తెచ్చానా అనుకుంది.

"అది కాదే, దాని ధర చూడు. తొమ్మిది డాలర్లు! ఒక్క సీసా! ఆ డబ్బుతో మనింట్లో వారం రోజులు సూప్ కాచుకోవచ్చు" అంటూ మాట మళ్ళించబోయింది.

లొవీనా మళ్ళలేదు. ఆ ఇల్లు పాడుబడలేదు. పొగగొట్టం కూలలేదు. ఆ ఇంట్లో వాళ్ళ అక్క ఎడ్నా హెన్నింగర్ మొన్న ఫిబ్రవరి దాకా బతికింది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నల ఇల్లు పట్టుకునే ఉండిపోయింది. ప్రతి వేసవిలో ఊరి అగ్నిమాపక దళం జాతరకు పెద్ద రాగి కళాయిలో వేర్లూ బెరళ్ళూ మరిగించి, చక్కెర పోసి, రొట్టెపిండి పొంగడానికి వేసే ఈస్టు చిటికెడు వేసి, సీసాల్లో బిగించేది. పేరుకు బీరే గానీ మత్తు లేని పానీయం అది. పాలు మానిన పిల్లవాడి దగ్గర నుంచి పళ్ళూడిన తాత దాకా అందరూ తాగేవాళ్ళు. గ్లాసుకు ఇంతని చిల్లర. ఆ చిల్లరతోనే దళం వాళ్ళు గొట్టాలు కొనుక్కునేవాళ్ళు.

సీసాలు కడగడం లొవీనా పని. చిన్నప్పటి నుంచీ అదే పని. కళాయి దగ్గరకు వస్తే ఎడ్నా గరిటె అడ్డం పెట్టేది.

"నీకు ఓపిక లేదే పిల్లా. తరవాత చెప్తాలే."

ఆ తరవాత రానేలేదు. లొవీనాకు మనవలు పుట్టారు, మోకాళ్ళు అరిగాయి, అయినా సీసాలే కడుగుతూ ఉండిపోయింది. మరి నిన్నగాక మొన్న ఫిలడెల్ఫియా నుంచి వచ్చి పాత మిల్లు కొన్న బ్రైస్‌ను మాత్రం ఎడ్నా పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక చలికాలమంతా అతని కారు ఆ వాకిట్లోనే ఉండేది. పోనీలే, ఒంటరి మనిషికి కట్టెలు మోసిపెడుతున్నాడు అనుకుంది లొవీనా. ఎడ్నా పోయినప్పుడు శవపేటిక ఒక మూల పట్టుకుని మోసింది కూడా అతనే. గోతి దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. మట్టి ఆరకముందే, కాచినదెవరో ఎవరికీ గుర్తులేదని అచ్చు వేయించాడు.

మర్నాడు లొవీనా సీసా పట్టుకుని మిల్లుకు వెళ్ళింది.

బ్రైస్ పరుగున ఎదురొచ్చి కుర్చీ వేశాడు. మంచి మర్యాదస్తుడు, ఆ లోటు లేదు. ఆమె సీసాను బల్ల మీద పెట్టి ఆ వాక్యం మీద వేలు ఆనించింది.

"లొవీనా గారూ, అది అమ్మకానికి రాసిన కథండీ, మీరు మనసుకు తీసుకోకండి" అన్నాడతను నవ్వుతూ. "ఎడ్నా గారి పేరు పెట్టాననుకోండి, అప్పుడిది ఒక ముసలావిడ ఇంటి వంట. పేరు లేదనుకోండి, అప్పుడిది రహస్యం. పట్నం వాళ్ళు రహస్యానికి తొమ్మిది డాలర్లు ఇస్తారు. ముసలావిడకి ఇవ్వరు."

"తాగడానికి అంత విలువ చేస్తుందా ఇది?"

"ఒక్కసారి రుచి చూడండి, మీరే చెబుతారు."

"నా నోట్లో పడదు. నేను బతికుండగా పడదు."

అతను నొచ్చుకున్నట్టు కనబడ్డాడు. అంతలోనే, ఏదో గుర్తొచ్చి ముందుకు వంగాడు. "మీరు రావడమే మంచిదైంది. మీ సాయం ఒకటి కావాలి. ఆగస్టు జాతరకి ఈ రకానికి కొత్త పేరు పెట్టి దింపుతున్నాను. మీ పెద్దవాళ్ళు మాట్లాడుకునే పాత జర్మన్ యాస, ఆ డచ్చి మాటల్లో ఏదైనా పేరు కావాలి. నోరు తిరగని పేరైతే ఇంకా మంచిది. పాతదనం ఉండాలి, తీపి ఉండాలి. పాత మాటలు లొవీనాని అడుగు అని ఎడ్నా గారే అనేవారు."

వెతకబోయిన తీగ కాలికి తగలడం అంటే ఏమిటో లొవీనాకు ఆ క్షణంలో తెలిసింది.

"ఆలోచించి చెబుతాను" అని లేచింది.

ఎక్కువ ఆలోచించాల్సిన అవసరం పడలేదు. సాయంత్రం అంట్లు కడుగుతుంటే తొట్టిలో నుంచే పేరు తేలి వచ్చింది. ష్పీల్‌వాసర్. వాసర్ అంటే నీళ్ళు. ష్పీలె అంటే వాళ్ళ మాటలో ఆడుకోవడం. ఆ ష్పీలె అనే మాటకే గిన్నెలు కడగడం అనే అర్థం కూడా ఉంది. అయితే ష్పీల్‌వాసర్ అన్నప్పుడు ఆ లోయలో పుట్టిన ఏ ముసలి ప్రాణికీ ఆట గుర్తుకు రాదు. అంట్లు కడిగిన నీళ్ళే గుర్తుకొస్తాయి. మెతుకులు తేలే, జిడ్డు కట్టిన, పందుల తొట్టిలో పోసే కుడితి.

లొవీనా చేతులు తుడుచుకుని బ్రైస్‌కు ఫోన్ చేసింది. "ష్పీలె అంటే ఆట, వాసర్ అంటే నీళ్ళు బాబూ. పిల్లలు ఆడుకుని వచ్చి దాహానికి తాగేవి అనుకో."

"ఆట నీళ్ళు! ఎంత బాగుందండీ!" అన్నాడు. ఊరికే నమ్మే రకం కాదు. కంప్యూటర్లో వెతికి చూశాడు. అక్కడా ఆట అనే ఉంది, నీళ్ళు అనే ఉంది. వారంలో కాగితాలు అచ్చయి వచ్చాయి. కాచినవాళ్ళెవరో గుర్తులేదన్న వాక్యం కింద, బంగారు రంగు అక్షరాల్లో, ష్పీల్‌వాసర్.

లొవీనా అబద్ధం ఆడలేదు. పాస్టరు ఎదుట నిలబెట్టి అడిగినా అదే మాట చెప్పగలదు.

ఈ సంగతి మొదట విల్మర్‌కు చెప్పింది. జాతరలో మైకు పట్టుకుని వేలంపాట పాడేది ఆయనే. విని ఆ ముసలాయన గుర్రపుశాల గోడకు ఆనుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"లొవీనా, నువ్వు చచ్చాక నరకంలో నీకు విడిగా గది కడతారే!"

"కట్టనీ. కిటికీ మాత్రం మిల్లు వైపు పెట్టమను."

"సరే. ఏం చెయ్యాలో చెప్పు."

"వాడికి మైకు ఇయ్యి. ఊరందరి ముందూ వాడి నోటితోనే ఆ పేరు పలకాలి. తరవాత అర్థం చెప్పమని నన్ను పిలువు. అంతే."

డచ్చి మాట తెలిసిన ముసలివాళ్ళందరికీ ఈ కబురు చర్చి మెట్ల మీద అందింది. తెలియని కుర్రకారుకు ఎవరూ చెప్పలేదు. లోయ మొత్తం నోరు కుట్టుకుని ఆగస్టు కోసం ఎదురుచూసింది. ఎవరి పొలం గట్టు ఎంత జరిగిందో తప్ప మరొకటి దాచుకోలేని ఊరు అది. అలాంటి ఊరు ఇంత రహస్యం దాచిందంటే, ఎడ్నా అంటే వాళ్ళకు ఎంత ఇష్టమో తెలుసుకోవచ్చు. లేదా నవ్వంటే ఎంత ఇష్టమో.

జాతర రోజు ఎండ మండిపోతోంది. ఒక పక్క కోడిమాంసం పాట్ పై, ఒక పక్క నూనెలో వేగుతున్న పిండివంట, ఇంకో పక్క బింగో ఆట. దళం వాళ్ళ ఎర్ర బండి ముందు బ్రైస్ అంగడి పెట్టాడు. మట్టిరంగు సీసాలు వరసగా పేర్చి, రుచి చూడమని కాగితం కప్పుల్లో పోసి అందరికీ ఇస్తున్నాడు. ముసలాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని, చావింటికి వచ్చినంత గంభీరంగా, ఒకరి తరవాత ఒకరు వచ్చారు.

"ఏం బాబూ, ఈ ష్పీల్‌వాసర్ పొద్దుటిదా, నిన్న రాత్రిదా?"

"తాజాదండీ. ఈ వారమే సీసాల్లో పోశాం."

"పైన నురగ వస్తుందా?"

"బ్రహ్మాండంగా వస్తుందండీ."

"మా ఆవిడ దాంట్లోనూ అంతే. అంతా నురగే."

"ఓహో, మీ ఇంట్లో కూడా చేస్తారా!"

"రోజూ రెండు పూటలా చేస్తాం. సీసా ఎంతన్నావు, తొమ్మిది డాలర్లా? అయ్యయ్యో! ఇన్నేళ్ళూ పెరట్లో పారబోశాం కదయ్యా! ఎంత ఆస్తి పోగొట్టుకున్నానో!"

ఆయన వెనక నిలబడ్డావిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకుని బండి చాటుకు పరిగెత్తింది. బ్రైస్ ముఖం ఆనందంతో వెలిగిపోతోంది. ఈ ఊరివాళ్ళు తనతో ఇన్ని మాటలు మాట్లాడడం అతనికి ఇదే మొదలు.

లొవీనా చెట్టు నీడలో మడత కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తోంది. అక్క అంత్యక్రియలకు వేసుకున్న నీలం గౌనులోనే వచ్చింది. ఒక్కొక్క ముసలాయన వచ్చి ఒక్కొక్క మాట అని పోతుంటే, వేసవి మొదటి నుంచి కడుపులో రగులుతున్న నిప్పు మీద ఎవరో చెంచాలతో నెయ్యి పోస్తున్నట్టుంది. చల్లారడం లేదు, కానీ మంట మాత్రం ఎంతో అందంగా ఉంది.

మిర్టిల్ కాగితం కప్పు పట్టుకుని వచ్చింది.

"ఒక్క గుక్క తాగు."

"చెప్పానుగా, నా నోట్లో పడదు."

"పిచ్చిదానా, నువ్వు మైకు ముందు నిలబడి ఇది తొమ్మిది డాలర్లకి కాదు తొమ్మిది సెంట్లకి కూడా తగదంటే, తాగావా అని అడగడూ? తాగకుండానే తిట్టావంటే నీ మాట చెల్లదు."

ఆ మాట నిజమే అనిపించింది. ప్రమాణం కంటే పగ పెద్దదైంది. లొవీనా కప్పు అందుకుంది.

ముందు వాసన తగిలింది, నొప్పులకు రాసే తైలం లాంటిది. ఈ మాత్రం ఎవరైనా తెస్తారులే అనుకుంది. నాలుక మీద బెరడు తీపి. ఇదీ ఫరవాలేదు. మింగింది. మింగాక నాలుక మొదట్లో, గొంతు అంచున, సన్నని చేదు ఒకటి వచ్చి కూర్చుంది. తీపి పోయాక తలుపు వెయ్యడానికి వచ్చినట్టు.

లొవీనా కప్పు దించింది.

ఆ చేదు ఎడ్నాది. లోకంలో ఇంకెవరిదీ కాదు. మార్చిలో, అక్క పోయిన నెలకు, లొవీనా ఆ కళాయి తన ఇంటికి తెచ్చుకుని, తెలిసిన వేర్లన్నీ వేసి కాచి చూసింది. తియ్యగా, బోలుగా వచ్చింది. తలుపు లేని ఇల్లులా ఉంది. కాలవలో పారబోసి, ఆ రుచి అక్కతో పాటే మట్టిలోకి పోయిందని ఆ వేళ అంతా ఏడ్చింది. ఇప్పుడు కాగితం కప్పులో నుంచి అదే రుచి ఆమెను పేరు పెట్టి పిలిచింది.

ఇంకో గుక్క తాగింది. సందేహం లేదు.

వాడు దొంగిలించింది నిజం. కానీ చెడగొట్టలేదు. గరిటె తిప్పిన లెక్క కూడా మార్చలేదు. ఎడ్నా పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు విన్నాడు. తానో? ఆ కళాయి పక్కన ఒక పూట ఊరికే కూర్చున్నది ఎన్నడు? సీసాలు గబగబా కడిగేసి, ఇంట్లో పని ఉందని వచ్చేసేది.

అప్పుడు రెండో సంగతి తట్టింది. బంగారు అక్షరాలతో ప్రతి సీసా మీదా ఉన్న ఆ మాట. కుడితి అన్నది ఎవరు కాచినదాన్ని? రేపటి నుంచి లోయ అంతా తరతరాలు చెప్పుకుని నవ్వబోయేది ఎవరి చేతి నీళ్ళను?

"మిర్టిల్, ఇది నువ్వు తాగావా?"

"తాగానే. బాగానే ఉందే. ఏం?"

"ఎవరిదో తెలియలేదూ?"

మిర్టిల్ జవాబు చెప్పేలోగా మైకు గరగరలాడింది. విల్మర్ గొంతు మైదానమంతా మోగింది.

"అమ్మలారా అయ్యలారా! ఇప్పుడు మన మిల్లు బ్రైస్ గారు తన కొత్త సరుకు పేరు తన నోటితోనే చెబుతారు!"

బ్రైస్ సీసా పైకెత్తి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, ముద్దుముద్దుగా పలికాడు. "ష్పీల్‌వాసర్!" ముసలాళ్ళ బెంచీలు ఊగిపోయాయి. ఎవరి కట్టుడుపళ్ళో కిందపడ్డాయి. అతను చప్పట్లనుకుని తల వంచి నమస్కరించాడు.

"ఈ అందమైన పేరు ఇచ్చింది లొవీనా కిస్లర్ గారు. అర్థం వారే చెబుతారు. రండి లొవీనా గారూ!"

లొవీనా లేచి నడిచింది. వదిలేసి వెళ్ళిపోదామని కాళ్ళు అనలేదు. అవీ పగతోనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు ఆ పగకు రెండు మొహాలున్నాయి. మైకు అందుకుంది. అందరూ నవ్వడానికి నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

"ష్పీల్‌వాసర్ అంటే అంట్లు కడిగిన నీళ్ళు. కుడితి" అంది.

మైదానం పగలబడి నవ్వింది. అప్పటిదాకా తెలియని కుర్రకారు కూడా అందుకున్నారు. బ్రైస్ చిరునవ్వు మొహం మీదే ఎండిపోయింది. చేతిలో సీసా ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు.

"మీరు నాకు అబద్ధం చెప్పారు" అన్నాడు మెల్లగా.

"సగం నిజం చెప్పాను. నువ్వూ సగమే రాశావు."

ఆమె జనం వైపు తిరిగింది. "నవ్వడం అయిందా? ఇప్పుడు చేతుల్లో ఉన్నది నోరు మూసుకుని తాగండి. ముందు గటగటా మింగేసి ఉంటారు. ఈసారి మింగాక ఆగండి. విల్మర్, నువ్వూ తాగు."

విల్మర్ తాగాడు. ఆగాడు. నవ్వుతున్న మనిషి మొహం మెల్లగా మడతలు పడింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇది ఎడ్నాది" అన్నాడు.

బెంచీల మీద నవ్వు ఒక్కొక్క చోటే ఆరిపోయింది. ఒకావిడ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. బింగో దగ్గర అంకెలు పిలిచే గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదు.

లొవీనా మైకును బ్రైస్ నోటి దగ్గర పెట్టింది. "ఎవరిది?"

"ఎడ్నా హెన్నింగర్ గారిది."

"ఎవరికీ గుర్తులేదని రాసిందెవరు?"

అతను ఆమెను చూశాడు, నేలను చూశాడు. "నేనే."

వెనక బెంచీ నుంచి, పెరట్లో ఆస్తి పారబోసుకున్న పెద్దాయన లేచాడు. "అయితే మాకు తొమ్మిది డాలర్లేమిటి? ఎడ్నా చిల్లర పైసలకి పోసేది!"

అవునవునని నలుగురు అందుకున్నారు. లొవీనాకు కొత్తగా కోపం వచ్చింది. ఈసారి బ్రైస్ మీద కాదు.

"చిల్లరకి పోసింది కాబట్టే మీరూ చిల్లరగా తాగారు! ముందు కప్పు మింగినప్పుడు మీలో ఒక్కడికైనా గుర్తొచ్చిందా? నాకు తప్ప ఎవరికీ రాలేదు. అదీ రెండు నెలలు నోరు కట్టుకుని ఆఖర్న తాగితే వచ్చింది. తొమ్మిదికి తగిందా అని ఊరంతా అడుగుతున్నారు. తగింది. ఇంకా ఎక్కువకే తగింది. అడగడం మా అక్కకి చేతకాలేదు. తియ్యండి తొమ్మిదీ."

ఆ పెద్దాయన గొణుక్కుంటూనే పర్సు తీశాడు.

బ్రైస్ ఆమెతో పాటు అంగడి దాకా వచ్చాడు. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "సోమవారానికి కొత్త కాగితాలు అచ్చు వేయిస్తానండీ. ఎడ్నా గారి పేరు పెద్దగా వేయిస్తాను. వీటిని ఇప్పుడే తీసేస్తాను."

ఆ ఒక్క మాటతో అతనికీ విడుదల, తనకూ విడుదల. కుడితి అన్న మాట సాయంత్రానికి మాయమైపోతుంది. లొవీనాకు అది తెలుసు. ఒప్పుకోబోయింది కూడా. కానీ గోతి దగ్గర కళ్ళు తుడుచుకున్న అతని చేతిరుమాలు గుర్తొచ్చింది.

"వద్దు. ఉన్న సీసాలు అయిపోయేదాకా ఈ కాగితమే ఉండాలి. కొన్న ప్రతి మనిషికీ నువ్వే చెప్పాలి. ఈ పేరుకి అర్థం ఏమిటో, ఎందుకొచ్చిందో, కాచిందెవరో. ఒక్క మాట మింగినా ఊరుకోను. ఇక్కడే ఉంటాను."

మడత కుర్చీ తెచ్చి అంగడి పక్కనే ఎండలో వేసుకుని కూర్చుంది.

పట్నం నుంచి వచ్చిన ఇద్దరు భార్యాభర్తలు సీసా చేతిలోకి తీసుకుని, ఈ పేరేమిటని అడిగారు. బ్రైస్ లోగొంతుకతో ఏదో అన్నాడు.

"వినబడలేదు" అంది లొవీనా.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఇది అంట్లు కడిగిన నీళ్ళు అని అర్థమండీ. దీన్ని కాచింది ఎడ్నా హెన్నింగర్ గారు. వారి దగ్గరే నేర్చుకుని, ఎవరికీ గుర్తులేదని అబద్ధం రాశాను. అందుకు నాకు బుద్ధి చెప్పడానికి వారి చెల్లెలు ఈ పేరు పెట్టించారు. వీరే."

ఆ పట్నం ఆవిడ లొవీనా వైపు తిరిగింది. మెత్తటి మనిషి. ఎగతాళి లేకుండానే అడిగింది. "సొంత అక్క చేసినదానికా అండీ ఈ పేరు పెట్టారు?"

లొవీనా గౌను ముడతలు సర్దుకుంది.

"అవునమ్మా. తాగకుండా పెట్టాను."

ఆవిడ తొమ్మిది డాలర్లూ ఇచ్చి సీసా తీసుకుంది. వాళ్ళ వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు, వాళ్ళ వెనక ఇంకొందరు. అంగడి బల్ల కింద పెట్టెల మీద పెట్టెలున్నాయి. మిర్టిల్ వచ్చి, నీడలోకి జరగవే అని కుర్చీ చెయ్యి పట్టి లాగింది.

"ఉండనీ" అని లొవీనా కదలకుండా, బ్రైస్ వైపు చూసింది. "ఊఁ. చెప్పు బాబూ. వీళ్ళకీ చెప్పు."